ఐ50 పడని కేసు షీటు

కర్నూలులోని ఒక ఆసుపత్రిలో మెడికల్ రికార్డ్స్ విభాగంలో కోడర్‌గా, అంటే కేసు షీటులోని జబ్బులకు ఐసీడీ-10 అనే అంతర్జాతీయ జబ్బుల జాబితా ప్రకారం కోడ్‌లు వేసే పనిలో ఉన్న రోజుల్లో, ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కేసు షీటు నన్ను చాలాకాలం వెంటాడింది. డిశ్చార్జ్ సమ్మరీలో షుగరు, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, ఆయాసం అని మాత్రమే రాశారు. వెనక పిన్ను కొట్టిన ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో గుండె పంపింగ్ 30 శాతమే అని, మందుల చార్టులో రెండు పూటలా ఫ్యూరోసెమైడ్ (ఒంట్లో చేరిన నీటిని తీసే మందు) అని, నర్సుల నోట్సులో కాళ్ల వాపు, వెల్లకిలా పడుకుంటే ఆయాసం అని ఉన్నాయి. హార్ట్ ఫెయిల్యూర్ (గుండె వైఫల్యం) అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. డాక్టరు రాయని జబ్బుకు కోడ్ వేసే అధికారం కోడర్‌కు లేదు కనుక కిడ్నీకి ఎన్18, ఆయాసానికి ఆర్06 వేసి షీటు పంపించాను. ఐసీడీ-10లో గుండె వైఫల్యానికి కేటాయించిన ఐ50 పడలేదు.

ఆ మాట రాయకపోవడానికి కారణం నిర్లక్ష్యమే అనుకోలేను. హార్ట్ ఫెయిల్యూర్ అనగానే గుండె ఆగిపోయిందేమోనని ఇంటివాళ్లు హడలిపోతారు. శరీరానికి చాలినంత రక్తాన్ని గుండె పంపలేకపోవడమే ఆ జబ్బు అని వివరించే తీరిక రద్దీగా ఉన్న ఓపీలో దొరకదు. అందుకే గుండె వీక్‌గా ఉంది అని నోటితో చెప్పి, కాగితం మీద ఆయాసంతో సరిపెట్టేవారు ఉన్నారు.

కోడ్‌లను కేసు షీట్లతో పోల్చి చూసిన అధ్యయనాలు వివిధ దేశాల్లో జరిగాయి. వాటిలో తరచుగా తేలిందేమిటంటే, ఐ50 ఉన్నచోట జబ్బు చాలావరకు నిజంగానే ఉంటుంది, కానీ జబ్బున్న వారిలో గణనీయమైన భాగానికి ఆ కోడ్ పడదు. బీపీ వల్ల వచ్చిన గుండె వైఫల్యం ఐ11.0 కిందికి, దానికి కిడ్నీ జబ్బు కూడా తోడైతే ఐ13 కిందికి పోతుంది కాబట్టి, ఐ50 ఒక్కటే వెతికినవారికి ఆ రోగులు కూడా కనిపించరు. పంపింగ్ తగ్గిన రకమా, తగ్గని రకమా అన్నది ఐ50 అన్న కోడ్ ఒక్కదానితో అసలు తెలియదు; దానికి ఎకో అంకె చూడవలసిందే.

కొన్ని వారాలకు ఆ పెద్దాయన అదే ఆయాసంతో మళ్లీ చేరారు. ఈసారి డ్యూటీ డాక్టరు గారి దగ్గరకు ఎకో కాగితం పట్టుకుని వెళ్లి అడిగితే, ఆయన అక్కడికక్కడే ఒక వాక్యం చేర్చి సంతకం చేశారు. ఐ50 పడింది. మొదటిసారి చేరినప్పటి షీటులో మాత్రం ఆర్06 అలాగే ఉండిపోయింది కనుక, కంప్యూటరు లెక్కలో ఈ రెండో రాకే ఆయన గుండె వైఫల్యానికి మొదటి అడ్మిషన్ అయింది.