విండిర్: డెమో క్యాసెట్ నుంచి ‘లిక్‌ఫెర్డ్’ దాకా అన్నిటినీ ఒకే కొలతకు తెచ్చి విన్న నా అనుభవం

నార్వే బ్లాక్ మెటల్ (గరగర గిటార్లు, అరుపుల గొంతు, వేగమైన డ్రమ్స్ ఉండే రాక్) బ్యాండ్ విండిర్ మొదటి రికార్డింగులు మోటుగా ఉంటాయి, చివరివి నున్నగా ఉంటాయి అని ఎవర్ని అడిగినా చెప్తారు. అందులో సగం టేపు మహిమే. చేతులు మారి వచ్చిన డెమో క్యాసెట్ కాపీని, 2003 నాటి సీడీని పక్కపక్కన పెట్టి వింటే తేడా తెలియక ఏమవుతుంది? ఆ తేడాలో టేపు స్పీడు పాలెంత, హెడ్ (టేపుని చదివే ముక్క) వంకర పాలెంత, వాల్యూమ్ పాలెంత, అసలు సంగీతంలో మారిందెంత అన్నది తేల్చుకోవాలి. అందుకే ముందు అన్నిటినీ ఒక కొలతకు తెచ్చి, ఆ తర్వాతే పోల్చాను.

కొత్తవాళ్లకు రెండు ముక్కలు. నార్వే పడమటి వైపు సోగ్నెఫ్యోర్డ్ దగ్గరున్న సోగ్న్‌దాల్‌లో, వాల్ఫార్ అనే పేరుతో టెర్యె బాకెన్ ఒక్కడే మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. డెమోలు 1994లో ‘సోగ్నెరికెట్’, 1995లో ‘డెట్ గామ్లె రికెట్’. ఆల్బమ్‌లు నాలుగు: ‘సోక్నార్డాల్ర్’ (1997), ‘ఆర్న్‌టోర్’ (1999), ‘1184’ (2001), ‘లిక్‌ఫెర్డ్’ (2003). 2004 జనవరిలో మంచు తుఫానులో చిక్కుకుని వాల్ఫార్ చనిపోయాడు, అప్పటికి పాతికేళ్లు. అంతటితో విండిర్ ఆగిపోయింది.

ఇక క్యాసెట్ సంగతి. డెక్‌లో (క్యాసెట్ ప్లేయర్‌లో) పెట్టేముందు క్యాసెట్ నోటి దగ్గర రాగి పట్టీ మీద అంటించిన చిన్న ఫెల్ట్ ముక్క ఉందో లేదో చూడాలి. పాత క్యాసెట్లలో జిగురు ఎండి అది రాలిపోతుంది. అది లేకపోతే టేపు హెడ్‌కి ఆనదు, శబ్దం వచ్చి పోతూ ఉంటుంది, జనం డెక్‌ని తిట్టుకుంటారు. హెడ్‌నీ, టేపుని లాగే ఇనుప కడ్డీ క్యాప్‌స్టన్‌నీ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. రబ్బరు చక్రానికి మాత్రం ఆల్కహాల్ వద్దు, సబ్బు నీళ్ల తడిగుడ్డ చాలు. టేపుని ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుడితే పొరలు సర్దుకుంటాయి.

తర్వాత అజిముత్, అంటే హెడ్ సందు టేపుకి సరిగ్గా నిలువుగా ఉందా లేదా అన్నది. ఎడమ కుడి చానళ్లను కలిపి మోనోలో వినండి. డ్రమ్స్‌లోని తాళాల (సింబల్స్) మెరుపు మోనోలో చచ్చిపోతుంటే హెడ్ వంకరగా ఉన్నట్టే. హెడ్ పక్కన ఉండే స్క్రూని ఎనిమిదో వంతు తిప్పుకుంటూ, మెరుపు ఎక్కడ ఎక్కువ వస్తుందో అక్కడ ఆపాలి. ఒక మాట: దీనితో చివరి కాపీ చేసిన డెక్ తప్పు మాత్రమే సరిపోతుంది. అంతకు ముందు కాపీల్లో పోయింది పోయినట్టే, దాన్ని ఈక్వలైజర్‌తో తెద్దామని చూస్తే వచ్చేది బుస (టేపు సొంత స్‌స్‌ చప్పుడు) ఒక్కటే. బుసని తగ్గించే డాల్బీ ఆపేసి ఒకసారి, డాల్బీ బి వేసి ఒకసారి విన్నాను. డాల్బీ లేకుండా ఎక్కించిన టేపుని డాల్బీతో వింటే దుప్పటి కప్పినట్టుంటుంది.

రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, గరిష్ఠ శబ్దం −6 డెసిబెల్ దగ్గర. ఇలాంటి కాపీ టేపులో 15, 16 కిలోహెర్ట్జ్ పైన బుస తప్ప పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి 96కి వెళ్లడం దండగ. గంట టేపుకి 48లో సుమారు 1 జీబీ, 96లో 2 జీబీ.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్నది స్పీడు. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి. డెక్‌కో తీరు కాబట్టి ఒక శాతం తేడా వస్తే శ్రుతి సుమారు 17 సెంట్లు (అరస్వరానికి వంద సెంట్లు) జరుగుతుంది, మూడు శాతమైతే పావు స్వరం. గిటార్‌ని నమ్ముకుని సరిచేయలేం, వాళ్లు ఏ శ్రుతికి బిగించుకున్నారో తెలియదు. సాయం చేసేవి రెండు. ఒకటి కీబోర్డు: సింథసైజర్ ఫ్యాక్టరీ నుంచి 440 హెర్ట్జ్ శ్రుతికే వస్తుంది, మార్చేవాళ్లు తక్కువ. లాగి పట్టిన స్ట్రింగ్స్ స్వరం ఒకటి దొరికితే అదే కొలబద్ద. కీబోర్డు ఎక్కువగా ఉండే సింఫొనిక్ బ్లాక్ మెటల్‌తో ఇదొక సుఖం.

రెండోది కరెంటు హమ్, అంటే కరెంటు వల్ల పరికరాల్లో వచ్చే సన్నని రొద. నార్వేలో కరెంటు 50 హెర్ట్జ్. యాంప్ హమ్ టేపు మీద పడి ఉంటే 100, 300 హెర్ట్జ్ దగ్గర సన్నని గీతలుగా కనిపించాలి. పాట మొదలయ్యే ముందు ఖాళీని ఎంచుకుని, ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో 65536 సైజుతో స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దముందో చూపే గ్రాఫ్) తీసి, 300 దగ్గరి గీత చూశాను. అక్కడైతే చిన్న తేడా కూడా పట్టుబడుతుంది. గీత 307.2 దగ్గర ఉంటే టేపు 2.4 శాతం వేగంగా నడుస్తోందన్నమాట, శ్రుతి 41 సెంట్లు పైకి. చిక్కేమిటంటే మన దగ్గరా కరెంటు 50 హెర్ట్జే. కచ్చితంగా 300 దగ్గర గీత కనిపిస్తే అది టేపుదా, మన డెక్‌దా? టేపు ఆపేసి ఖాళీ లైన్ రికార్డు చేస్తే తేలిపోతుంది. మధ్యలో కాపీ చేసినవాళ్ల డెక్ హమ్ కూడా టేపులో ఉండొచ్చు కాబట్టి కీబోర్డు స్వరం, హమ్ రెండూ ఒకే మాట చెబితేనే నమ్మాను. సరిచేసేటప్పుడు −2.4 అని కొట్టకూడదు. 1ని 1.024తో భాగిస్తే 0.9766, అంటే −2.34. శ్రుతి ఒక్కటే మార్చే ఎఫెక్టు కాదు, వేగం, శ్రుతి కలిపి మార్చేదే వాడాలి. టేపు మొదట్లో, చివర్లో విడివిడిగా కొలవండి, రెండు చోట్లా ఒకే తేడా రావాలని లేదు.

బుస తీసేసే ఎఫెక్టు జోలికి పోలేదు. ట్రెమొలో గిటార్ (ఒకే స్వరాన్ని వేగంగా మీటడం), తాళాలు, బుస ఈ సంగీతంలో ఒకే చోట కాపురం ఉంటాయి. ఒకదాన్ని తీయబోతే మిగతా రెండూ నీళ్లలో గులకరాళ్ల చప్పుడులా మిగులుతాయి.

సీడీలతో పని తక్కువ. సీడీని ఫైళ్లుగా తీసే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ అండ్ కాపీ చేసి రెండు సీఆర్‌సీలు (సరిచూసే అంకెలు) ఒకటేనా చూసుకుంటే చాలు. తర్వాత అన్నిటినీ −18 లఫ్స్‌కి (చెవికి ఎంత పెద్దగా వినిపిస్తుందో చెప్పే కొలత) తగ్గించాను. నెమ్మదిగా ఉన్నదాన్ని పెంచితే శిఖరాలు తెగుతాయి, కాబట్టి ఎప్పుడూ పెద్దదాన్నే దించాలి. ఈ ఒక్క పనితోనే ‘చివరి ఆల్బమ్‌లు బలంగా ఉంటాయి’ అనే అభిప్రాయం చాలావరకు కరిగిపోయింది.

కరగకుండా మిగిలిందేమిటి? ‘సోక్నార్డాల్ర్’లో డ్రమ్స్ స్టైన్‌గ్రిమ్‌వి, గిటార్, బేస్, కీబోర్డు, ముఖ్య గొంతు వాల్ఫార్‌వే. వేగాన్ని 60 శాతానికి తగ్గించి వింటే గిటార్, కీబోర్డు ఒకే చోట ఊనడం, ఒకే చోట ఊపిరి తీయడం తెలుస్తుంది. మన చెవికి చెప్పాలంటే ఇది హార్మొనీ కన్నా పక్కవాద్యం వెంట నడిచే తీరుకి దగ్గర. ‘ఆర్న్‌టోర్’కి వచ్చేసరికి అకార్డియన్ కూడా అతనిదే, జానపద వరస ఇక దాగి ఉండదు. ‘1184’ నుంచి పూర్తి బ్యాండ్: హ్వాల్ బేస్, స్టురె, స్ట్రోమ్ గిటార్లు, రీగ్ కీబోర్డు. ఇక్కడినుంచి బేస్ తన దారిన తాను నడుస్తుంది, కీబోర్డు గిటార్‌కి బదులు చెబుతుంది. భాషా మారింది: మొదట్లో సోగ్న్‌దాల్ యాస, ‘1184’లో ఎక్కువగా ఇంగ్లీషు. కథ మాత్రం ఊరు దాటలేదు. 1184 జూన్ 15న అక్కడికి దగ్గర్లోనే ఫిమ్‌రైటె యుద్ధంలో సింహాసనానికి పోటీపడిన స్వెర్రె చేతిలో నార్వే రాజు మాగ్నుస్ ఓడి చనిపోయాడు, ఆల్బమ్ పేరు ఆ ఏడాదే.

వరసలు రాసుకోవాలనుకునేవాళ్లకు స్వరాలే సులువు. ఎక్కువ భాగం నఠభైరవి మెట్లలో కూర్చుంటుంది, ముగింపు దగ్గర నిషాదం ఒక మెట్టు ఎక్కితే కీరవాణి. గిటార్ గరగరలో స్వరం దొరకకపోతే మూడు కిలోహెర్ట్జ్ పైన కోసేసి, మోనోలో, ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి జరిపి వినండి. తాళం దగ్గర డ్రమ్స్‌ని నమ్మొద్దు, బ్లాస్ట్ బీట్ (ఎడతెగకుండా అతి వేగంగా కొట్టే డ్రమ్స్) అన్నిటినీ ఒకేలా వినిపిస్తుంది. వరస ఎక్కడ తిరిగి మొదలవుతుందో చూసి వెనక్కి లెక్కపెట్టాలి, మూడు మూడుగా నడిచేవి అప్పుడే దొరుకుతాయి. ‘జర్నీ టు ది ఎండ్’ చివర్లో ఎలక్ట్రానిక్ బీటు మొదలయ్యే చోట పాటని కోసి విడిగా కొలవండి, లేదంటే ఆ తోక మొత్తం పాట లఫ్స్‌ని పక్కకు లాగుతుంది.