మేడ మీద స్తోత్రం

కువైట్ వచ్చిన కొత్తలో నాకు ఎండ కన్నా వింతగా అనిపించింది ఆదివారం పొద్దున్నే డ్యూటీ డ్రెస్ వేసుకోవడం. పుట్టినప్పటి నుంచి ఆదివారం అంటే చర్చి, ఉతికిన చొక్కా, చేతిలో బైబిల్, అంతే తెలుసు. ఇక్కడ వారం మొదలయ్యేదే ఆదివారం, సెలవు శుక్రవారం, అందుకే ఆరాధన కూడా శుక్రవారమే. మసీదులకి జనం వెళ్ళే రోజే మనం కూడా బైబిల్ బ్యాగులో పెట్టుకుని బస్సెక్కుతాం. మొదట్లో ఏదో తప్పు చేస్తున్నట్టు ఉండేది, తర్వాత తర్వాత శుక్రవారం అనే మాట వింటేనే లోపల ఏదో తేలికయ్యేది.

నేను 2016 ఫిబ్రవరిలో వచ్చాను, ఏసీ టెక్నీషియన్ పని. అబ్బాసియాలో ఒక రూమ్‌లో ఆరుగురం. నేను దిగిన ఆ ఎండాకాలమే జూలై 21న ఇక్కడి మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు రికార్డయింది, అది లోకంలోనే అత్యధిక ఎండల్లో ఒకటని తర్వాత తెలిసింది కానీ ఆ వారం మాకు రికార్డులతో పని లేదు, ఫోన్లు ఆగట్లేదు, ఎక్కడ చూసినా ఏసీలు ట్రిప్ అవుతున్నాయి. ఇక్కడ జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో బయట పని చేయించకూడదని రూల్ ఉంది, అందుకని మేము తెల్లారకముందే మేడలెక్కేవాళ్ళం. కాస్త పొద్దెక్కితే చాలు మేడ మీద ఇనుప నిచ్చెన చేత్తో పట్టుకోలేం, గ్లవ్స్ ఉండాల్సిందే.

నిజం చెప్పాలంటే ఆ ఏడాది నేను ప్రార్థన దాదాపు మానేశాను. దేవుడు లేడని కాదు, మాట్లాడటానికి ఏమీ లేనట్టు ఉండేది. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "ప్రార్థన చేసుకుంటున్నావా నాన్నా" అనేది, ఆ చేసుకుంటున్నా అనేవాడిని, ఆ అబద్ధం తర్వాత నిద్ర పట్టేది కాదు. దానికి తోడు 2017 మొదట్లో మా కంపెనీలో మూడు నెలలు జీతాలు ఇవ్వలేదు. ఇంట్లో అప్పు ఉంది, వడ్డీ ఆగదు కదా. ఆ టైంలో రూమ్‌లో ఉండే అన్న ఒకాయన, "తమ్ముడూ ఒక్క శుక్రవారం రారా, ఏం మాట్లాడక్కర్లేదు, వచ్చి కూర్చో చాలు" అని లాక్కెళ్ళాడు.

కువైట్ సిటీలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి కాంపౌండ్ ఉంది, చూడని వాళ్ళకి చెప్పినా ఊహకి అందదు. ఒకే ఆవరణలో ఎన్నో భాషల సంఘాలు, హాళ్ళు గంటల లెక్కన పంచుకుంటారు. మనం తెలుగులో ప్రార్థన చేస్తుంటే గోడకి అవతల మలయాళం పాట, పైన ఫిలిప్పీన్ వాళ్ళ చప్పట్లు, కారిడార్‌లో తర్వాతి సంఘం వాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని మనం ఎప్పుడు అయిపోగొడతామా అని నిలబడి ఉంటారు. అరబ్ విశ్వాసులు కూడా అక్కడే, అప్పుడు ఆ చర్చి పాస్టర్ ఇమ్మానుయేల్ గరీబ్ గారు కువైటీ పౌరుడు, 1999లో అభిషేకం పొందారు. ఇవన్నీ నాకు ఆరోజు తెలియవు. వెనక వరుసలో గోడకి ఆనుకుని కూర్చున్నా, ఏసీ సౌండ్ బట్టి ఫ్యాన్ మోటార్ బేరింగ్ పోయిందని మాత్రం తెలుస్తోంది.

సాక్ష్యాల టైం వచ్చింది. ఒకాయన లేచి తమ్ముడికి వీసా వచ్చిందని, ఇంకొకాయన ఆపరేషన్ బాగా అయిందని చెప్పారు, అందరూ స్తోత్రం అన్నారు. తర్వాత ఒక అక్క లేచింది. యాభై దాటి ఉంటాయి, ఇంటిపని చేస్తుంది, నెలకో శుక్రవారం రెండు గంటలు మాత్రం బయటికి పంపుతారట. (2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపని వాళ్ళకి వారానికో రోజు సెలవు ఉండాలి, ఆ సంగతి తెలిసిన అక్కలు ఎంతమంది, తెలిసినా అడగగలిగేవాళ్ళు ఎంతమంది.) చీర కొంగు తల మీద కప్పుకుని, మైకు వద్దంది. "ప్రభువుకి స్తోత్రం. మా ఇంటి యజమాని, ముసలి బాబా, ఈ నెలలో నన్ను పేరు పెట్టి పిలిచాడు. నాలుగేళ్ళయింది నేను ఆ ఇంట్లో చేరి. నా పేరు ఆయనకి తెలుసని నాకు తెలియదు. అందుకే దేవునికి కృతజ్ఞతలు చెప్తున్నాను" అని కూర్చుంది.

అంతే. ఒక్క నిమిషం కూడా మాట్లాడలేదు. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది. నాలుగేళ్ళు ఒక ఇంట్లో పని చేసి ఒక్కసారి పేరు వినిపిస్తే దాన్ని మరచిపోకుండా దాచిపెట్టుకుని, నెలకోసారి దొరికే రెండు గంటల్లో బస్సెక్కి వచ్చి దేవునికి అప్పగించింది. నేను ఏడాదిలో దాచుకున్నవన్నీ ఫిర్యాదులే.

ఆరోజు వాక్యం లూకా 17వ అధ్యాయం, ప్రభువు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల కథ. చిన్నప్పుడు సండే స్కూల్లో ఎన్నిసార్లు విన్నానో. కానీ మా తెలుగు సంఘం పాస్టర్ గారు ఒక మాట దగ్గర ఆగారు. వాళ్ళు బాగుపడింది ప్రభువు ముందు నిలబడినప్పుడు కాదు, "వెళ్లుచుండగా" అని ఉంది చూడండి అన్నారు. అంటే నడుస్తుంటే, దారి మధ్యలో, కాళ్ళకి దుమ్ము అంటుకుని ఉండగా. పదిమంది చర్మమూ ఒకేలా బాగుపడింది, కానీ ఒక్కడే దారిలో ఆగి చెయ్యి చూసుకుని స్తోత్రం చెప్పడానికి వెనక్కి తిరిగాడు. వాడు ఎవడు? సమరయుడు, పరాయివాడు. యూదులు తమవాడు అనుకోనివాడు. ప్రభువు కూడా ఆ సంగతి ఎత్తి మరీ అడిగాడు, ఈ అన్యుడు తప్ప ఎవరూ రాలేదా అని. ఆ హాల్లో కూర్చున్న మేమంతా అకామా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే పర్మిట్, దాని మీద బతికే వాళ్ళమే, ఒక్కరికీ ఈ దేశంలో సెంటు భూమి లేదు, ఆ మాట ఎవరి కోసం రాశారో అనిపించింది.

జీతాల సంగతి ఏమైంది అంటారేమో, చెప్తా. స్తోత్రం చెప్పడం అంటే నోరు మూసుకుని పడి ఉండటం అని కొందరు అనుకుంటారు, నేను దానికి ఒప్పుకోను. చర్చిలో అరబిక్ రాయగలిగిన బ్రదర్ ఒకాయన మా కంప్లయింట్ రాసిపెట్టాడు, మేం తొమ్మిదిమంది షూన్ ఆఫీసుకి, అంటే పనివాళ్ళ ఫిర్యాదులు తీసుకునే సర్కారు ఆఫీసుకి వెళ్ళాం, తిరిగాం, నిలబడ్డాం, వెళ్ళే ప్రతిసారీ ముందు రూమ్‌లో మోకాళ్ళూని వెళ్ళేవాళ్ళం. రెండు నెలల జీతం వచ్చింది, ఒక నెలది రానే లేదు. వచ్చిన రెండు నెలలకి నేను దేవునికి కృతజ్ఞత చెప్పాను, రాని నెల గురించి కూడా ఆయనతోనే చెప్పుకున్నా, దావీదు కీర్తనల్లో రెండూ ఉన్నాయి కదా, ఏడుపూ ఉంది స్తుతీ ఉంది, ఒక్కోసారి ఒకే కీర్తనలో.

అప్పటి నుంచి మేడ మీద నాకొక అలవాటు వచ్చింది. దుమ్ము తుఫాను వెళ్ళిన మర్నాడు అవుట్‌డోర్ యూనిట్ విప్పితే కాయిల్ కనపడదు, ఫిన్స్ మధ్యన సన్నటి మట్టి సిమెంట్‌లా పట్టేసి ఉంటుంది. గాలి ఆడదు, ప్రెషర్ పెరిగి కంప్రెసర్ ట్రిప్ అవుతుంది. బయట నుంచి నీళ్ళు కొడితే మట్టి ఇంకా లోపలికి దిగబడుతుంది, అందుకని కవర్ తీసి లోపలి నుంచి బయటికి కొట్టాలి, వచ్చిన దారినే దాన్ని పంపాలి. మొదట ఎర్రటి బురద కారుతుంది, తర్వాత పల్చబడుతుంది, ఆఖరికి నీళ్ళు తేటగా వస్తాయి. కెపాసిటర్ పైభాగం ఉబ్బి ఉంటే మార్చేసి, బ్రేకర్ ఆన్ చేసి, కంప్రెసర్ అందుకునే ఆ ఒక్క దడ్‌మనే శబ్దం కోసం ఆగుతాం. అది అందుకుంటే లావు పైపు మీద చెయ్యి పెట్టి చూస్తా. కాలిపోతున్న పైపు ముందు గోరువెచ్చగా, తర్వాత మామూలుగా, ఆ తర్వాత చల్లగా అవుతుంది, అర నిమిషం కూడా పట్టదు. ఆ అర నిమిషం చెయ్యి తియ్యను. కింద ఎవరో పసిపిల్లో, మంచం పట్టిన పెద్దావిడో, వంటగదిలో నిలబడ్డ ఏ అక్కో ఉంటుంది, వాళ్ళెవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్ళకి తెలియదు. స్తోత్రం ప్రభువా అంటా, అంతే. పక్కన మా హెల్పర్ బంగ్లాదేశ్ కుర్రాడు, ముస్లిం, మొదట్లో ఏంటన్నా అనేవాడు. ఇప్పుడు వాడే ముందు చెయ్యి పెట్టి అల్‌హమ్‌దులిల్లా, దేవునికే స్తోత్రం అని, అంటాడు.

"నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము, ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అని 103వ కీర్తన. దేనిని మరువకుము అన్న మాట పట్టుకుంటే తెలుస్తుంది, మనిషికి మరుపు ఎంత సులువో దావీదుకి తెలుసు, అందుకే తన ప్రాణానికే తాను చెప్పుకున్నాడు.

చర్చికి వెళ్ళేటప్పుడు గల్ఫ్ రోడ్డు మీద పాత అమెరికన్ మిషన్ హాస్పిటల్ బిల్డింగ్ ఉంటుంది, 1914 నాటిది, ఇప్పుడు అమెరికానీ కల్చరల్ సెంటర్ అంటారు. ఇక్కడ బుర్గాన్‌లో నూనె పడింది 1938లో. దానికి ఎంతో ముందే, 1912లోనే డాక్టర్ ఎలినార్ కాల్వర్లీ అనే ఆవిడ ఇక్కడికి వచ్చి ఆడవాళ్ళకి వైద్యం చేసింది, కువైట్‌లో మొదటి లేడీ డాక్టర్ ఆవిడే. ఇక్కడి ఆడవాళ్ళు ఆవిడకి ఖాతూన్ హలీమా అని తమ పేరు ఒకటి పెట్టుకున్నారట. కరెంటు లేదు, ఏసీ లేదు, ఈ ఎండే ఉంది. ఆవిడా పరాయి దేశంలో పనికి వచ్చిన మనిషే కదా అని బస్సు అటు వెళ్ళినప్పుడల్లా ఆ గోడల వంక చూస్తా.

2020 గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. మార్చిలో చర్చిలు మూసేశారు, మసీదులూ మూసేశారు, అజాన్‌లో నమాజుకి రండి అనే చోట ఇళ్ళలోనే ప్రార్థన చేసుకోండి అని వినపడింది. ఆ మాట విన్న రోజు మా రూమ్‌లో ఎవ్వరం మాట్లాడలేదు. ఏప్రిల్ 6న మా అబ్బాసియా ఉన్న జలీబ్ ఏరియా మొత్తం, అటు మహబూలా కూడా మూసేశారు, జూలై 9 దాకా తియ్యలేదు. మూడు నెలలు అదే రూమ్, అవే ఆరు మంచాలు, పని లేదు కాబట్టి డబ్బులూ లేవు. మధ్యలో మే 10 నుంచి 30 దాకా దేశమంతా ఫుల్ కర్ఫ్యూ.

శుక్రవారం ఆరాధన ఫోన్‌లోకి వచ్చింది. ఆ అక్కకి మాత్రం అది ఒక విధంగా మేలయింది, నెలకోసారి కాదు, ప్రతి వారం రాగలిగింది. బట్టలు ఉతికే గదిలో తలుపు దగ్గరికి వేసుకుని, కెమెరా ఆఫ్ చేసి, గుసగుసగా ఆమేన్ అనేది, వెనకాల వాషింగ్ మెషిన్ తిరిగే చప్పుడు మా అందరికీ వినపడేది. ఒక శుక్రవారం పాస్టర్ గారు ప్రభువు బల్ల ఇచ్చారు, ఎవరి దగ్గర ఉన్నది వాళ్ళు పెట్టుకోండి అన్నారు. మా దగ్గర ముందురోజు ఖుబ్జ్, ఇక్కడి రొట్టె, ఒకటి ఉంది, ఎండిపోయింది. ఆరుగురిలో నలుగురం విశ్వాసులం, మిగతా ఇద్దరూ టీవీ ఆపేసి నిశ్శబ్దంగా కూర్చున్నారు. "అప్పగింపబడిన రాత్రి" రొట్టె ఎత్తి కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు అని చదువుతుంటే, ఎన్ని వందలసార్లు విన్న మాట, ఆరోజే చెవిన పడింది. ఏ రాత్రి? పక్కన కూర్చున్నవాడే అమ్మేసిన రాత్రి. తెల్లారితే సిలువ. ఆ రాత్రి రొట్టె పట్టుకుని తండ్రికి థాంక్స్ చెప్పాడు. నేను ఆ ఎండిన ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేకపోయా.

ఆరోజు మీటింగ్ అయిపోయాక, పాస్టర్ గారు ప్రార్థన అంశాలు పంపమంటే, అక్క కోసం రాద్దామని ఫోన్ తీశా. పేరు తెలియదు. మూడేళ్ళుగా అక్కా అక్కా అంటున్నా, బస్టాప్ దాకా కలిసి నడిచాం, నా ఫోన్‌లో ఆవిడ నంబర్ "చర్చి అక్క" అని ఉంది. బాబా పేరు పెట్టి పిలిచాడని ఆవిడ చెప్పిన సాక్ష్యం నేను ఎంతమందికి చెప్పానో, ఆ పేరేంటో ఒక్కసారి కూడా అడగలేదు. అప్పుడే మెసేజ్ పెట్టా, అక్కా క్షమించు, నీ పేరేంటి అని. చాలాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది, ముందు నవ్వింది, తర్వాత పేరు చెప్పింది, "దేవుడు నీచేత కూడా అడిగించాడు తమ్ముడూ" అంది. నంబర్ ఎడిట్ చేశాను.

అక్క 2023లో పూర్తిగా ఇంటికి వెళ్ళిపోయింది, మోకాళ్ళు సహకరించక. ఇప్పటికీ శుక్రవారం పొద్దున ఆవిడ పేరు స్క్రీన్ మీద వెలుగుతుంది, ఎప్పుడూ ఒకటే ప్రశ్న, "ఈ వారం ఏంటి తమ్ముడూ?" అని. ఈ వారం నేను చెప్పింది ఇది. మంగళవారం సాల్మియాలో నాలుగో అంతస్తు మేడ, పాత యూనిట్, మార్చాల్సిందే అని అందరూ వదిలేశారు, రెండు గంటలు కడిగి కాంటాక్టర్ మార్చాక అందుకుంది అక్కా, నిచ్చెన దిగుతుంటే కింద ఫ్లాట్ తలుపు తీసి ఒక ముసలావిడ చిన్న టవల్ తడిపి చేతికిచ్చింది, ఇచ్చి, ఇస్మక్ ఏ అని నా పేరు అడిగింది.