మిర్చి దురద అనుకున్న, నరాలు ఖరాబైనయట

వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణంల గుమస్తాను నేను, పదహారేండ్లాయె. మిర్చి సీజన్ల పొద్దుగాల కాంటా కాడ నిలబడితే మాపటిదాక కూసునుడు ఉండది. పిక్కల మీద నరాలు పాముల్లెక్క తేలి ఎన్నేండ్లాయెనో, మా నాయినకు గూడ ఉన్నయ్, మా ఇంటి గుర్తే అనుకున్న.

రెండేండ్ల కింద ఎడమ కాలుకు లోపలి దిక్కు చీలమండ పైన దురద షురువైంది. మిర్చి ఘాటుకు మార్కెట్ల అందరం ఏదో ఒకటి గోక్కునేటోళ్లమే కదా, తామర కావచ్చని మెడికల్ షాపుల ట్యూబు తెచ్చి పూసిన. పూస్తే తగ్గుడు, ఆపితే మళ్ల లేసుడు, అట్లనే ఏడాది నడిచింది. అక్కడ తోలు బోరు నీళ్ల బకెట్‌కు పట్టిన జంగు లెక్క గోధుమ రంగుకు తిరిగింది, గట్టిపడ్డది. మాపటికి సాక్సు గీత లోతుగ పడేది, పండుకొని లేస్తే వాపు ఉండకపోయేది. మా ఇంటామె "బోదకాలు గాదు కదా" అని ఒకటే భయం.

ఒకనాడు బస్తా కుట్టిన సుతిలి గీస్కపోయింది, అంతే, ఆ గీత మానలే. రూపాయి బిళ్లంత పుండై నీరు కారుడు, సాక్సు అంటుకునుడు. ఒక దవాఖానల ఇన్ఫెక్షన్ అని రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చిండ్రు, నాకు జ్వరం లేదు ఏం లేదు, పుండు ఉన్నకాడికే ఉండె.

హన్మకొండల చూసిన డాక్టరే నన్ను నిలబెట్టి చూసిండు, అంతకు ముందు అందరు పండుకోమన్నోళ్లే. బొటనవేలుతోని వత్తితే సొట్ట పడి అట్లనే ఉన్నది. రెండో కాలివేలు మొదట్ల తోలు పట్టి గుంజిండు, లేచింది, బోదకాలైతే చానామట్టుకు ఇట్ల దొరకదట. రక్తం ఎటు పారుతుందో చూసే డాప్లర్ స్కాన్‌ల అసలు సంగతి తెలిసింది. నరాల లోపల రక్తాన్ని పైకే పోనిచ్చే వాల్వులు ఉంటయట, అవి చెడిపోయి రక్తం కిందికి జారి చీలమండ కాడ నిలుస్తుంది, అండ్ల ఇనుము తోలుల దిగబడి ఆ జంగు రంగు. వేరికోస్ వెయిన్స్ అన్నడు. నేను పైన పూత పూస్తున్న, లోపల పైపు లీకైతుంది!

పుండు మానేటందుకు బిగుతు కట్టు కట్టేముందు పాదం మీద నాడి చూసి, చీలమండకు బీపీ పట్టీ చుట్టి చూసిండు. ఎందుకంటే ధమని, అంటే గుండె కెళ్లి కాలుకు రక్తం తెచ్చే నాళం, మూసుకపోయినోళ్లకు గట్టిగ కడితే కాలే పోతదట. వాళ్ల పుండ్లు ఎక్కువ వేళ్ల కొసలకు, మడమకు వస్తయి, నడిస్తే పిక్క పట్టేసి నిలబడితే తగ్గుతది. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి నొస్తె గడ్డకట్టిన రక్తం కావచ్చు, ఆ రోజే ఉరకమన్నడు.

వారానికోసారి కట్టు మార్చుకుంట మూడు నెలలకు పుండు మానింది, లేజర్‌తోని నరం మూసిండ్రు, మత్తు ఆ కాలుకే, నడుసుకుంట ఇంటికొచ్చిన. మరక మటుకు పోలే. ఇప్పుడు పొద్దున మంచం దిగకముందే బిగుతు స్టాకింగ్ ఎక్కించాలె, మొదట్ల చెమట్లు పట్టేది, పాదానికి క్యారీబ్యాగు తొడిగి దాని మీదికెళ్లి జార్చుడు మా బిడ్డ నేర్పింది. దుకాణంల బస్తా మీద కాళ్లు చాపితే సేటు గుర్రుగ చూస్తడు, చూడనీ.

నాయిన కాలుకు గూడ ఆ రంగు తిరుగుతుంది. స్కాన్‌కు పోదాం పా అంటే, "మిర్చి అయిపోనీ బిడ్డా" అంటుండు.