నాన్న గది పైన స్లాబు

2020 ఆగస్టులో మూడు రోజులు వదలకుండా పడ్డ వానకి నాన్న గది కురవడం మొదలైంది. ఫ్యాను కొక్కెం పక్కన ముందు తడి మచ్చ కనబడింది, తర్వాత బొట్టు. నాలుగో రోజు పొద్దున చాటంత పెచ్చు ఊడి నేల మీద పడింది. లోపల తుప్పు పట్టిన చువ్వ తేలింది.

నాన్నకి 76 ఏళ్లు, ఎన్నో ఏళ్లుగా ఆయాసం. మార్చి నుంచి మా గడప లోపలికి బయటి మనిషి ఎవరూ రాలేదు. ఇప్పుడు స్లాబు బాగుచేయించాలంటే మేస్త్రీ, ఇద్దరు కుర్రాళ్లు, ఎన్నో రోజుల పని. పోనీ కరోనా తగ్గాక చూద్దామంటే, తుప్పు పట్టే కొద్దీ ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటుని పగలగొడుతుంది, ఆ బీటలోంచి ఇంకా నీరు దిగుతుంది.

ముందు ఆ గదికి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చు దించేశాను. నీరు దిగేది ఫ్యాను వైర్ల పక్కనే కదా. నాన్న మంచం ముందు గదిలోకి మార్చాం. మా ఆయన ఆ వానలోనే మేడెక్కి టార్పాలిన్ కప్పుతానన్నారు. నేను ఒప్పుకోలేదు. పాచి పట్టిన స్లాబు మీద కాలు జారితే వెళ్లాల్సింది ఆసుపత్రికే, ఆ నెలల్లో మేం తప్పించుకు తిరుగుతున్నదీ దాన్నే. వాన వెలిసి పైన కాస్త ఆరాక, టార్పాలిన్‌ని పిట్టగోడ మీదుగా అవతలికి దించి అంచుల వెంట ఇసుక సంచులు పెట్టాం. కారడం పూర్తిగా ఆగలేదు గానీ బాగా తగ్గింది. ఆలోచించుకోవడానికి వ్యవధి దొరికింది.

మాకు మేడ మెట్లు బయటి నుంచే. కాబట్టి పైపని ఇప్పుడు చేయించి, గది లోపలి పని తర్వాతకి వదిలేస్తే మేస్త్రీ బృందం ఇంట్లో అడుగు పెట్టాల్సిన అవసరమే రాదు. గదిలో వదులుగా ఉన్న పెచ్చుల్ని మేమే పొడుగు కర్రతో దూరం నుంచి రాల్చి, తలుపుకి తాళం వేశాం.

మేడంతా మేస్త్రీ గారికి వీడియో కాల్‌లోనే చూపించాను. నేను ఫోన్‌ని మచ్చ పైన ఉన్న చోటికే తిప్పుతుంటే, "అక్కడ కాదమ్మా, తూము దగ్గర చూపించండి" అన్నారు. స్లాబులోకి నీరు ఒకచోట దిగి, లోపల పాకి, ఇంకెక్కడో బొట్టు కడుతుందని అప్పుడే తెలిసింది. నిజంగానే పిట్టగోడ స్లాబుని కలిసే మూల విడిపోయి ఉంది, గోరు దూరేంత సందు. తూము దగ్గర వాటం పోయి నీళ్లు నిలుస్తున్నాయి.

సామాను, రోజులు, కూలి అన్నీ మాట్లాడుకున్నాక నేనొక మాట చెప్పాను. "మీలో ఎవరికైనా ఒళ్లు వెచ్చబడినా, గొంతు నొప్పి చేసినా, ఇంట్లో ఇంకెవరికైనా అలా ఉన్నా రావొద్దు మేస్త్రీ గారూ. ఆ రోజుల కూలి మేం ఇస్తాం." అవతల కాసేపు మాట లేదు. "రాకపోయినా ఇస్తారా అమ్మా?" అని అడిగారు. ఇస్తామన్నాను. మేం చేసిన జాగ్రత్తలన్నిట్లో ఇదే గట్టిదని ఇప్పటికీ నా నమ్మకం. లక్షణాలు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే మనిషి నుంచి వైరస్ అంటుకోగలదు, నుదుటికి పెట్టే థర్మామీటర్ దాన్ని పట్టదు. ఇక పట్టగలిగే జ్వరాన్నయినా మాత్ర వేసుకుని దాచి రావాల్సిన పరిస్థితి మనమే కల్పిస్తే తప్పెవరిది? మూడో రోజు ఒక కుర్రాడు రాలేదు, వాళ్లమ్మకి దగ్గు. పని అయ్యేదాకా అతని కూలి పంపాం. పని అనుకున్నదానికన్నా రెండు రోజులు ఎక్కువ సాగింది, అంతే.

మెట్ల కింద నీళ్ల డ్రమ్ము, సబ్బు పెట్టాం. పెరట్లో ఉన్న బాత్రూమ్ వాళ్లకే వదిలేశాం. మొదటి రోజు సిమెంటు బస్తాల్ని ఎవరూ ముట్టకుండా ఎండలో పెట్టించాను, బకెట్ల పిడులు బ్లీచింగ్ నీళ్లతో తుడిచాను. అదే రోజు గేటు దగ్గర మేస్త్రీ గారితో మూరెడు దూరంలో అరగంట నిలబడి మాట్లాడాను, ఇద్దరి మాస్కులూ ముక్కు కిందికి జారి ఉన్నాయి. అసలు ప్రమాదం ఊపిరిలో ఉందని ఆ రాత్రి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి మాటలన్నీ ఫోన్లోనే, ఆయన మేడ మీద, నేను కింద.

మాస్కుల విషయంలో వాళ్ల ప్రాణం గురించీ ఆలోచించాలి. బీటని విప్పి వెడల్పు చేసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. ముందు వాల్వు ఉన్న మాస్కులు తెచ్చాను. అవి పీల్చే గాలిని వడకడతాయి, వదిలే గాలిని మాత్రం అలాగే పంపేస్తాయి. వాల్వు లేని ఎన్95లు వెతికి ఇచ్చాం. గ్రైండర్ మానేసి, బీటని తడుపుతూ సుత్తీ ఉలితోనే చెక్కారు. ఆ రెండు గంటలూ కింద కిటికీలు మూసి ఉంచాం. దుమ్ము పని అయ్యాక, ఎవరికి వారు దూరంగా పనిచేసుకుంటుంటే, ఆ ఎండలో మాస్కు తీసుకోమని నేనే చెప్పాను.

బీటలో పాలిమర్ కలిపిన మాలు కూరారు, పిట్టగోడ మూలని గుండ్రంగా తిప్పారు, తూము వైపు వాటం సరిచేశారు. తర్వాత ఏడు రోజుల క్యూరింగ్. దానికోసం వాళ్లు రానక్కర్లేదని, గోనెసంచులు పరిచి పొద్దునా సాయంత్రం మేమే తడిపాం. అది ఆరాక మళ్లీ వచ్చి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పూతలు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా వేసి వెళ్లారు.

ఆఖరున తూము మూసి 24 గంటలు నీళ్లు కట్టి చూశాం, అదీ ఒక్క అంగుళమే. చదరపు మీటరుకి అంగుళం నీరంటే దాదాపు 25 కిలోల బరువు, మాది పాత స్లాబు. రాత్రి రెండుసార్లు తాళం తీసి టార్చి వేసి చూశాను. మచ్చ చుట్టూ పెన్సిల్‌తో గీసిన గీత దాటి తడి రాలేదు.

లోపలి పని 2021 చివర్లో, అందరికీ రెండు డోసులు అయ్యాక చేయించాం. కిటికీలు బార్లా తీసి, నాన్నని వరండాలో కూర్చోబెట్టి. మేస్త్రీ గారు మొదటిసారి ఆ గదిలోకి వచ్చి, తలెత్తి, నా పెన్సిల్ గీత కేసి చాలాసేపు చూశారు. తర్వాత చువ్వ మీద తుప్పు గీకడం మొదలుపెట్టారు.