చచ్చిన ముల్లు, ఏటిగట్టు, నా లైసెన్సు

నిన్న పోస్టులో లైసెన్సు వచ్చింది. ఫోటోలో అచ్చం దొంగలా ఉన్నాను, అయినా పర్లేదు. 52 ఏళ్లకి కారు నేర్చుకుంటానంటే మొన్నటిదాకా వేళాకోళం చేసిన మా ఆవిడే ఆ కార్డు పట్టుకెళ్లి పక్కింట్లో చూపించొచ్చింది.

ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేటప్పుడు ఇచ్చే లైసెన్సు, దాని గురించి చెప్పడానికేం లేదు. రెండు రాత్రులు ట్రాఫిక్ గుర్తులు చదివితే చాలు. దాని గడువు 6 నెలలు, 30 రోజులు దాటాకే అసలు టెస్టు. ఈలోగా దగ్గర్లో ఉన్న టౌన్లో డ్రైవింగ్ స్కూల్లో చేరాను. పేరు చెప్పను కానీ కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

ఆ కారులో స్పీడు ముల్లు బాగానే ఉంది. పక్కనున్న ఆర్పీఎం ముల్లు, అదే ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించేది, సున్నా మీద చచ్చి పడుంది. అడిగితే, "దాంతో పనేంటండీ? ఇంజను సౌండ్ వినండి, గేరెప్పుడు మార్చాలో అదే చెబుద్ది" అన్నాడు నేర్పే కుర్రాడు. నా చిక్కంతా అక్కడే ఉంది. పాతికేళ్లు రైసు మిల్లులో హల్లర్ల పక్కన నిలబడ్డ చెవులు నావి. అద్దాలెత్తి ఏసీ వేస్తే ఇంజను ఆడుతోందో ఆగిందో నాకు తెలీదు. ఆ మాట పైకి చెప్పుకోవడానికి నామోషీ. తలూపి ఊరుకున్నాను.

ఇంకోటి. మా కోనసీమంతా బల్లపరుపు నేల. ఎత్తంటే కాలవ వంతెన, ఏటిగట్టు, రేవు, అంతే. ఇరవై రోజులూ నన్ను కొబ్బరితోటల మధ్య సాపు రోడ్డు మీదే తిప్పారు.

టెస్టు రోజు ఎనిమిది అంకె బాగానే వేశాను. రివర్సూ అయింది. తర్వాత ర్యాంపు. సగం ఎక్కి ఆపాలి, మళ్లీ వెనక్కి జారకుండా ఎక్కించాలి. క్లచ్ వదిలాను, ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాను. ఈసారి ఆగిపోయిందని కూడా తెలీక యాక్సిలరేటర్ తొక్కుతూ కూర్చున్నాను. కిటికీ దగ్గర ఇన్‌స్పెక్టర్ ఏదో అంటున్నాడు. "ఏంటండీ?" అన్నాను. "ఇంజను ఆగిపోయిందండీ బాబూ, ఎంత తొక్కితే ఏం లాభం!" అని ఒక్క అరుపు అరిచాడు. చెట్టు కింద వరసలో ఉన్న కుర్రాళ్లంతా గొల్లుమన్నారు. అందులో ఒకడు మా మిల్లు గుమస్తా కొడుకు. మూడోసారి కంగారులో నిండా తొక్కి క్లచ్ ఒక్కసారే వదిలేశాను. కారు కప్పలా గెంతి, చప్పున ఆగి, వెనక్కి జారి, పాతిన కర్రని పడగొట్టింది.

7 రోజులు ఆగి రమ్మన్నారు. చీకటి పడేదాకా ఇంటికెళ్లలేదు, కాలవగట్టు మీద టీకొట్టులో కూర్చున్నాను. ఇన్‌స్పెక్టర్ని ఏమీ అనను, ఆయన పని ఆయన చేశాడు. డబ్బులు తీసుకుని ముల్లు బాగుచేయించని వాళ్లని మాత్రం అంటాను.

మా బావమరిది స్కూలు బస్సు నడుపుతాడు. మర్నాడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఎల్ బోర్డు కట్టిన మా పాత పెట్రోలు కారులో ఏటిగట్టు ర్యాంపు దగ్గరికెళ్లాను. "బావా, చెవుల సంగతి వదిలెయ్. ముల్లు చూడు" అన్నాడు. ఏటవాలు మీద హ్యాండ్‌బ్రేక్ వేసి ఆపాం. ఊరికే ఉన్నప్పుడు ముల్లు 800 దగ్గరుంది. మొదటి గేరు వేసి, 2000కి తెచ్చి పట్టుకోమన్నాడు. క్లచ్ మెల్లిగా వదులుతుంటే ముల్లు కాస్త కుంగింది, బానెట్ ముక్కు పైకి లేచింది. "అదీ! కాళ్లు కదపకు. ఇప్పుడు బ్రేకు దించు." అంగుళం జారకుండా కారు గట్టెక్కింది. ఇరవై రోజుల్లో రానిది అరగంటలో వచ్చింది.

ఆ మీటర్లోనే ఆకుపచ్చ బాణం కూడా వెలుగుతుంది, గేరు పెంచమని. దాన్ని నమ్మి మళ్లీ అభాసుపాలయ్యాను. రెండో గేరులో ర్యాంపు మొదట్లో ఉండగా వెలిగింది, బుద్ధిగా మూడోది వేశాను. ముల్లు 1200కి పడిపోయి కారు ఒళ్లంతా వణికింది. "అది పెట్రోలు ఆదా కోసం పెట్టింది బావా, ఎదురుగా గట్టుందని దానికేం తెలుసు?" అన్నాడు వీడు. రేసు కార్లలో దీపాలు వేరు. ఇంజను ఎర్రగీత దగ్గరికి, అంటే ఆర్పీఎం మీటర్లో దాటకూడని హద్దు దగ్గరికి వస్తున్నప్పుడు వెలుగుతాయి, ఆ వేగంలో ముల్లు చూసే తీరిక ఉండదు కాబట్టి. మనవాటిలో ఉన్నది పొదుపు చెప్పే పెద్దాయన. సాపు రోడ్డు మీద వినొచ్చు.

ఎర్రగీత గురించీ హెచ్చరించాడు. ఎంత తొక్కినా అక్కడ పెట్రోలు కట్ చేసి ఇంజనే కాపాడుకుంటుందట. కానీ మంచి స్పీడులో నాలుగో గేరు బదులు పొరపాటున రెండోది వేస్తే చక్రాలే ఇంజన్ని తిప్పేస్తాయి, అప్పుడు పెట్రోలు కట్ చేసినా ఇంజను ఆ హద్దు దాటకుండా ఆగదు.

రెండోసారి మా కారే పట్టుకెళ్లి పాసయ్యాను. కార్డు రాగానే సఖినేటిపల్లి రేవులో కారుని పంటు, అదే బళ్లని గోదావరి దాటించే పడవ, ఎక్కించి, నరసాపురం వైపు ఒడ్డెక్కించాను. వెనక బైకులవాళ్లు హారన్లు కొట్టారట, మా ఆవిడ చెప్పింది. నేను ముల్లే చూస్తున్నాను.

తిరిగొస్తూ స్కూలు దగ్గర ఆగాను. ఆ కారులో ఎవరో కొత్తమ్మాయి కూర్చునుంది, ముల్లు సున్నా మీదే ఉంది. బాగుచేయించమని ఓనరుకి చెప్పాను.

"మీకు లైసెన్సు వచ్చేసింది కదండీ ఇంక!" అన్నాడు.