ఏప్రిల్ 6: కాకినాడ నుంచి కోహిమా, ఇంఫాల్ దాకా

2022 నవంబరులో గువాహటి నుంచి రైలెక్కి డిమాపూర్‌లో దిగాను. నాగాలాండ్‌లోకి ప్రవేశించడానికి తీసుకోవలసిన ఇన్నర్ లైన్ పర్మిట్ కాగితం చేతిలో ఉంది. సుమోవాళ్లు కోహిమా, కోహిమా అని కేకలు వేస్తున్నారు. 1944లో ఇదే స్టేషన్ చుట్టూ మైళ్ల పొడవున ఆయుధాలు, ఆహారం, పెట్రోలు పేరుకుని ఉండేవి. బర్మా సరిహద్దున పోరాడే బ్రిటిష్ ఇండియా సైన్యానికి సరుకంతా ఈ మీటర్ గేజి రైలుమార్గం మీదే రావాలి. ఉత్తర బర్మాలో జనరల్ స్టిల్‌వెల్ నడిపిన అమెరికన్, చైనా దళాలకు అస్సాంలోని లెడో ద్వారా వెళ్లే సరుకుకూ ఇదే దారి. అందుకే ఆ ఏడాది మార్చిలో అమెరికన్ రైల్వే సైనికులే ఈ మార్గం నిర్వహణను చేతిలోకి తీసుకున్నారు.

ఇంత దూరం రావడానికి కారణం మా అమ్మమ్మ. కాకినాడ జగన్నాథపురంలో పెరిగిన ఆవిడకు ప్రపంచయుద్ధమంటే ఒక్క రోజు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక మీది నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆవిడ ఏనాడూ తేదీ చెప్పలేదు. ‘ఆ సోమవారం’ అనేది, అంతే. ఎడ్లబండి కట్టుకుని సామర్లకోట వైపు పారిపోవడం, దారిలో చద్దన్నం మూట పడిపోవడం, దాని కోసం వాళ్లమ్మ బండి ఆపమనడం ఆవిడ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ కథలో మరో మాట కూడా వచ్చేది: రంగం. మనవాళ్లు రంగూన్‌కు పెట్టుకున్న పేరది. కూలికి రంగం వెళ్లిన బంధువులు బాంబుల దెబ్బకు అడవుల వెంట నడిచి వచ్చారని చెప్పేది. తమూ, పాలేల్ మీదుగా ఇంఫాల్ చేరి, అక్కడి నుంచి డిమాపూర్ రైలందుకున్న వేలాది శరణార్థుల్లో వాళ్లూ ఉన్నారేమోనని నా ఊహ.

డిమాపూర్ నుంచి కోహిమాకు 74 కిలోమీటర్లు. దారి వెడల్పు చేసే పనుల వల్ల ఎర్రటి దుమ్ము, మధ్యమధ్య ఒంటిదారి మలుపులు, లారీల వెనక నిరీక్షణ. సుమోలో వెనక సీటు నాకు దక్కింది కాబట్టి మోకాళ్ల గురించి చెప్పకపోవడమే మేలు. కానీ ఆ మలుపులే నాకు యుద్ధాన్ని పటం కంటే బాగా అర్థం చేయించాయి. ఈ ఒక్క రోడ్డును కోసేస్తే ఇంఫాల్‌కు నేల మీది నుంచి ఏమీ చేరదు. జపాన్ 15వ సైన్యాధిపతి ముతాగుచి 1944 మార్చిలో మూడు డివిజన్లను బర్మాలోని చింద్విన్ నది దాటించినప్పుడు, జనరల్ సాతో నాయకత్వంలోని 31వ డివిజన్‌కు అప్పగించిన పని అదే. మూడు వారాల తిండి భుజాన మోసుకుంటూ, మాంసానికి పశువులను తోలుకుంటూ ఆ సైనికులు కొండలెక్కారు. నదిలోనూ కొండదారుల్లోనూ ఆ పశువుల్లో చాలా భాగం చచ్చిపోయాయి. వాళ్లు ఏప్రిల్ 4న కోహిమాపై దాడి మొదలుపెట్టారు.

కోహిమా యుద్ధ శ్మశానవాటిక ఊరి నడిబొడ్డునే, గారిసన్ కొండ వాలుమీద మెట్లుమెట్లుగా ఉంది. 1,420 సమాధులు. పై భాగాన, దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లతో వేరే స్మారకం. వాటి మధ్య ఒక టెన్నిస్ కోర్టు. గడ్డిలో తెల్లటి సిమెంటు గీతలతో దాని హద్దులు గుర్తించి ఉంచారు. అప్పటి డిప్యూటీ కమిషనర్ చార్లెస్ పాసీ బంగళాకు చెందిన ఆట స్థలమది. టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిచి చూశాను, ముప్పై అంగలు కూడా వేయకముందే అయిపోయింది. ఆ కాస్త నేలకు అటు జపానువాళ్లు, ఇటు రాయల్ వెస్ట్ కెంట్ దళం, అస్సాం రెజిమెంట్, ఇతర దళాలవాళ్లు కందకాలు తవ్వుకుని, బంతులకు బదులు చేతిబాంబులు విసురుకున్నారు. ముట్టడిలో ఉన్న పోరాడగల సైనికులు దాదాపు 1,500 మంది, మీదికి వచ్చినవాళ్లు అంతకు పది రెట్లకు దగ్గర. తాగే నీటిని సైతం విమానాల నుంచి పారాచ్యూట్లతో దించవలసి వచ్చింది, అందులోనూ కొంత జపానువాళ్ల కందకాల్లో పడింది. ఏప్రిల్ 20 నాటికి కొత్త దళాలు వచ్చి వీళ్లను విడిపించినా, కోర్టు మాత్రం మే 13 దాకా వశం కాలేదు. చివరికి ఒక ట్యాంకును కొండవాలు ఎక్కించి కోర్టు మీదికి దింపితే గాని పని జరగలేదు.

కోర్టు పక్కన చెర్రీ చెట్టు ఉంది. దాని కింద జపాన్ గురికాళ్లు మాటు వేసేవారట. యుద్ధంలో ఆ చెట్టు మొదలంటా పోయి, మొద్దు నుంచి వచ్చిన చిగురే ఇప్పుడున్న చెట్టయింది. సమాధిరాళ్లకు అంటిన మట్టిని నీళ్లతో కడుగుతున్న నాగా పనివాడిని ఈ ఊరి వాళ్ల సంగతేమిటని అడిగాను. ‘ఊళ్లన్నీ కాలిపోయాయి’ అన్నాడు, కుంచె ఆపకుండానే. నాగాలు దారి చూపారు, గాయపడ్డవాళ్లను మోశారు, సమాచారం తెచ్చారు. యుద్ధం ఎవరిదైనా ఇళ్లు మాత్రం వాళ్లవే.

మర్నాడు మావో దాటి మణిపూర్‌లోకి ప్రవేశించాను. డిమాపూర్ నుంచి లెక్కించే 109వ మైలురాయి దగ్గర, 1944 జూన్ 22న కోహిమా నుంచి దిగివచ్చిన దళాలు, ఇంఫాల్ నుంచి ఎదురెళ్లిన దళాలు కలుసుకుని దాదాపు మూడు నెలలుగా మూసుకుపోయిన దారిని తెరిచాయి. సోవియట్ సైన్యం బెలారుస్‌లో జర్మన్లపై మహాదాడి ప్రారంభించిందీ ఆ రోజే. నార్మండీలో మిత్రదళాలు దిగి అప్పటికి 16 రోజులు, పసిఫిక్‌లో ఫిలిప్పీన్ సముద్ర యుద్ధం ముగిసి రెండు రోజులు. ఈ యుద్ధరంగాలను విడివిడి అధ్యాయాలుగా చదవడం మనకు అలవాటు. కాని ఇంఫాల్ నిలిచింది వేరే రంగాల నుంచి తెచ్చిన విమానాల వల్ల. బర్మా పశ్చిమ తీరాన అరకాన్‌లో పోరాడుతున్న 5వ ఇండియన్ డివిజన్‌ను ఫిరంగులు, కంచరగాడిదలతో సహా ఇంఫాల్‌కు చేర్చడానికి, హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోసే విమానాలను ఆగ్నేయాసియాలో మిత్రదళాల సర్వసేనాని మౌంట్‌బాటన్ మళ్లించాడు. తర్వాత మధ్యధరా రంగం నుంచి మరికొన్ని వచ్చాయి. ఎదుటివాళ్లకు ఆ వెసులుబాటు లేదు. తన డివిజన్‌కు తిండి రావడం లేదని పదేపదే మొత్తుకున్న సాతో, ఆజ్ఞను ధిక్కరించి మే నెలాఖరున వెనక్కి మళ్లాడు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో తన సైనికుల ఆకలిని లెక్కలోకి తీసుకున్న జపాన్ సేనాని అతనొక్కడే. తిరుగుదారిలో ఆకలి, మలేరియా, విరేచనాలు తూటాల కంటే ఎక్కువ మందిని చంపాయి. జూలై 18న, పసిఫిక్ దీవి సైపాన్‌లో ఓటమి భారంతో తోజో జపాన్ ప్రధాని పదవి వదిలాడు.

ఇంఫాల్‌కు దక్షిణాన ఉన్న మోయిరాంగ్‌లో ఎక్కువసేపు ఉండలేకపోయాను, మ్యూజియం మూసే వేళయింది. 1944 ఏప్రిల్ 14న కల్నల్ షౌకత్ మాలిక్, జపాన్ పక్షాన పోరాడిన ఆజాద్ హింద్ ఫౌజు జెండా ఎగరేసిన చోటది. రెండు పక్షాల్లోనూ భారతీయులే ఉన్నారన్న సంగతి అక్కడ నిలబడితే ఇబ్బంది పెడుతుంది. రణరంగంలో ఓడిన ఆ సైనికుల అధికారుల మీద 1945 నవంబరులో ఎర్రకోటలో విచారణ పెట్టి, వాళ్లను దేశమంతటికీ దగ్గర చేసింది బ్రిటిష్ ప్రభుత్వమే.

ఆఖరు రోజు ఇంఫాల్‌లోని ఇండియన్ ఆర్మీ శ్మశానవాటికకు వెళ్లాను. అక్కడ జమేదార్ అబ్దుల్ హఫీజ్ సమాధి ఉంది. జాట్ రెజిమెంట్‌వాడు. ఇంఫాల్‌కు ఉత్తరాన, దాపులేని కొండవాలు మీద దాడికి ముందు నడిచి, కాలికి గాయమైనా ఆగక, శత్రువు మెషిన్‌గన్ గొట్టాన్ని చేత్తో పట్టి లాగేశాడు. మరణానంతరం బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. రాతి మీద తేదీ చదివి కాసేపు అలాగే నిలబడ్డాను: 1944 ఏప్రిల్ 6.

ఫొటో తీసి అమ్మకు పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

‘ఒరేయ్, అదీ సోమవారమేనా?’

ఫోన్‌లోనే క్యాలెండరు తీసి చూశాను.

‘కాదమ్మా, గురువారం.’