యతి దగ్గర తెగిన ఊపిరి

"ఒక్క గుక్కలో ఎంతవరకు లెక్కపెట్టగలరో చెప్పండి" అన్నారు డాక్టరుగారు. ఇరవై దాకా రావాలట. నేను పదకొండు దగ్గర ఆగిపోయాను.

విరేచనాలు తగ్గిన పది రోజులకు అరికాళ్లలో తిమ్మిరితో మొదలైంది. మూడో రోజుకు మెట్లు ఎక్కలేకపోయాను. నాలుగో రోజు మోకాలి కింద చిన్న సుత్తితో కొడితే కాలు ఉలకలేదు. వెన్నులోంచి నీరు తీశారు, నరాల పరీక్ష చేశారు, గిలియన్ బారీ సిండ్రోమ్ అన్నారు. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి పొరబాటున సొంత నరాల మీదే పడుతుంది. సాధారణంగా కాళ్ల దగ్గర పట్టుకుని పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాల దాకా వస్తే వెంటిలేటర్ పెట్టాలి. ఆ లెక్కపెట్టించడం అందుకే. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించారు.

అంకెలు లెక్కపెట్టీ పెట్టీ విసుగొచ్చింది. ఓ రాత్రి వాటి బదులు పద్యం ఎత్తుకున్నాను. పోతన గజేంద్రమోక్షం, చిన్నప్పుడు నాన్నగారు నేర్పింది. రాగం తీయకుండా పద్యం చదవడం నాకు రాదు.

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్

శార్దూలం. పాదానికి పంతొమ్మిది అక్షరాలు, పదమూడో అక్షరం యతి స్థానం, అంటే పాదం మధ్యలో విరామం చోటు. సరిగ్గా అక్కడే నా ఊపిరి తెగింది.

"పర్లేదక్కా, యతి దగ్గరే ఆగావు. ఛందస్సు తప్పలేదు" అంది పక్కన కూర్చున్న చెల్లెలు. నవ్వబోతే ఆయాసం వచ్చింది.

ఇన్నేళ్లూ అది ప్రార్థన అనుకున్నాను. పడుకుని వింటే నా కేస్ షీట్‌లా ఉంది. బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు పట్టు తప్పాయి, స్పృహ తప్పుతోంది, ఒళ్లు అలిసిపోయింది. మొసలి పట్టుకున్నదీ కాలే. ఏనుగు దేవుడికి ముందు తన లక్షణాలన్నీ వరసగా చెప్పుకుని, ఆ తర్వాతే రమ్మంటుంది. నేను మాత్రం చూడ్డానికి వచ్చిన అందరికీ "బాగానే ఉన్నాను" అనే చెప్తున్నాను. దేవుడికి కూడా అదే చెప్తున్నానేమో.

వచ్చినవాళ్లలో ఒకరు "పూర్వజన్మ కర్మ, ఏం చేస్తాం" అన్నారు. మంచి మనిషే. కానీ ఆ మాట గుచ్చుకుంది. గజేంద్రుడికీ పూర్వజన్మ శాపం ఉంది, కాదనను. కానీ ఆ కథ భాగవతంలో వచ్చేది విడుదల తర్వాత. మొసలి నోట్లో కాలున్నప్పుడు ఎవరూ ఆ కథ చెప్పరు.

అందరూ నిద్రపోయాక, మానిటర్ చప్పుడు ఒక్కటే వినబడేటప్పుడు, నన్ను నిజంగా పట్టుకున్నది ఇంకో పద్యం. "కలడు కలండనెడివాడు కలడో లేడో." ఉన్నాడు ఉన్నాడంటారే, అసలు ఉన్నాడా లేడా? నేను పైకి అనడానికి భయపడ్డ ప్రశ్న అది. భక్తకవి అనే పేరున్న పోతన దాన్ని ఏనుగు నోట పలికించాడు. పైగా "లావొక్కింతయు" కంటే ముందే పలికించాడు. ఆ అనుమానం తీరాక ఏనుగు మొక్కలేదు, అనుమానంతోనే పిలిచింది. నాకది ఎంత ఊరటో చెప్పలేను. అప్పటిదాకా నమ్మకం సడలితే నా మాట వినబడదని లోలోపల టెన్షన్ ఉండేది. ఆ రాత్రి "ఉంటే విను" అని మొదలుపెట్టాను. అంతకుముందెప్పుడూ అంత నిజంగా మాట్లాడలేదు.

మహిమలేమీ జరగలేదు. మందు పనిచేసింది, వెంటిలేటర్ దాకా పోలేదు. నిలబడటానికి రెండు నెలలు పట్టింది. ఫిజియోథెరపీ అమ్మాయి నడుముకు బెల్టు కట్టి, వెనక నుంచి పట్టుకుని, "పాదం చూడకండి, ఎదురుగా చూడండి" అనేది. పాదం చూడకపోతే అది నేల మీద ఉందో లేదో నాకు తెలిసేది కాదు. ఉందనుకుని బరువు వెయ్యాలి. వేశాను. రెండుసార్లు కూలబడ్డాను కూడా.

ఎనిమిదో నెలలో మళ్లీ సుత్తితో కొడితే మోకాలు చిన్నగా ఎగిరింది. డాక్టరుగారు ఇంకోసారి కొట్టి చూశారు, నా కోసమే అనుకుంటా.

ఎడమ కాలి బొటనవేలు ఇంకా మొద్దుబారే ఉంది. చెల్లెలు రాత్రిపూట ఫోన్ చేస్తుంది. "ఎలా ఉన్నావ్" అని అడగదు.

"ఇవాళ ఎన్ని గుక్కలక్కా?"

"నాలుగు పాదాలకీ మూడు" అన్నాను నిన్న.